రిక్రూటర్ మెసేజ్‌లు: పంపెటోనికి పైసలు ఎవలిస్తున్నరు?

నౌక్రీ అనే జాబ్ వెబ్‌సైట్ల ప్రొఫైల్ ఒక్కసారి అప్డేట్ చేసిండ్రనుకో, తెల్లారి నుంచి ఫోన్ ఆగది. మీరు నాలుగేండ్లు జావా మీద పనిచేసినోళ్లు అయితే నోయిడా నుంచి ఒకామె టెలీకాలర్ పోస్ట్ ఉంది చేస్తరా అని హిందీల అడుగుతది, ఇంకోడు వాట్సాప్‌ల హాయ్ డియర్ అని పెట్టి పార్ట్ టైం జాబ్ అంటడు, మూడోడు రేపు పొద్దున పదింటికి గచ్చిబౌలిల వాకిన్ (సీదాగ పోయి ఇచ్చే ఇంటర్వ్యూ) ఉంది వచ్చేయండి అంటడు. హన్మకొండల ఉన్నోనికి రేపు పదింటికి గచ్చిబౌలి అంటే చీకటితోని లేవాలె, కాజీపేటల బండెక్కాలె, లేకపోతే బస్సుల ఉప్పల్ దాకా పోయి ఆడికెళ్లి మెట్రో పట్టాలె, అంతా కలిపి 150 కిలోమీటర్ల దాకా అయితది, పోయినంక అక్కడ రెండొందల మంది లైన్ల ఉంటరు. ఇవన్నీ ఆ మెసేజ్ పెట్టినాయనకు తెల్వయ్, తెలిసినా ఆయనకేం ఫరక్ పడది.

మనోళ్లు దీనికి రెండే మందులు వాడుతున్నరు. ఒకటి, ఏదో ఒకటి తగులుతది గదా అని అన్నిటికీ జవాబిచ్చుడు. రెండోది, విసుగొచ్చి తెల్వని నెంబర్లు మొత్తం సైలెంట్ల పెట్టుడు. మొదటి దాంట్ల మీ ఆధార్ నుంచి శాలరీ స్లిప్ దాకా ఊరంతా తిరుగుతది, రెండో దాంట్ల అసలు ఇంటర్వ్యూ కాల్ గూడ పోతది, ఎందుకంటే మంచి కంపెనీ హెచ్‌ఆర్ గూడ మీకు తెల్వని నెంబర్ నుంచే చేస్తది. నేనైతే ఈ కుప్పను విడగొట్టెటందుకు ఒక్క ప్రశ్నే వాడుతా: ఈ మెసేజ్ పంపినోనికి పైసలు ఎవరిస్తరు, ఎప్పుడిస్తరు? దీనికి జవాబు దొరికితే ఏ మెసేజ్‌కు రిప్లై ఇయ్యాల్నో, దేన్ని వదిలెయ్యాల్నో, దేని మీద కంప్లైంట్ చెయ్యాల్నో దాదాపు తేలిపోతది.

ముందు అసలైన రిక్రూటర్ల సంగతి. వీళ్లల్ల రెండు రకాలు. కంపెనీల జీతం తీసుకునే సొంత హెచ్‌ఆర్ వాళ్లు ఒకరు, వీళ్లకు మీరు చేరినా చేరకపోయినా నెల జీతం వస్తది కాబట్టి వీళ్ల మెసేజ్‌లు తక్కువ, వచ్చినయి కొంచెం చూసి పంపినట్టు ఉంటయ్. రెండోది బయటి కన్సల్టెన్సీ. మన దేశంల కన్సల్టెన్సీకి కంపెనీ ఇచ్చే ఫీజు చాలా చోట్ల మీ ఏడాది ప్యాకేజీల 8.33 శాతం, అంటే పన్నెండో వంతు, సీదాగ చెప్పాలంటే మీ ఒక నెల ప్యాకేజీ. మీకు 6 లక్షల ప్యాకేజీ వస్తే వాళ్లకు సుమారు 50 వేలు. కానీ ఇది మీరు ఆఫర్ తీసుకొని, పోయి చేరినంకనే. ఎనుమాముల మార్కెట్ల అడ్తిదారును చూసినోళ్లకు ఇది కొత్త లెక్కేం కాదు, సరుకు అమ్ముడు పోతేనే కమిషన్, అప్పటిదాకా ఎంత తిరిగినా సున్నా.

గీ సున్నా భయమే మీ ఇన్‌బాక్స్‌ను నింపుతది. ఒక కంపెనీ ఒక పోస్టును ఒకే కన్సల్టెన్సీకి ఇయ్యది, ఐదారుగురికి ఇస్తది, వాళ్లల్ల కొందరు కింద ఇంకో ఇద్దరు ముగ్గురికి పంచుతరు. అందుకే ఒకే జాబ్ డిస్క్రిప్షన్, అక్షరం మారకుండ, నాలుగు పేర్ల మీద నాలుగు మెయిళ్లు వస్తయ్. మీ రెజ్యూమె ఎవరు ముందుగాల కంపెనీ సిస్టంల ఎక్కిస్తే మీరు వాళ్ల క్యాండిడేట్, కొన్ని నెలల దాకా ఇంకెవరు పంపినా డూప్లికేట్ అని తిరగ్గొడతరు. మా బాబాయ్ కొడుకు హైదరాబాద్‌ల స్టాఫింగ్ కంపెనీల చేస్తడు, రోజుకు ఇన్ని ప్రొఫైళ్లు పంపాలని వాళ్లకు టార్గెట్ ఉంటదట, సాయంత్రం ఐదింటికి లెక్క తక్కువుంటే ఇగ ఎవరు దొరికితే వాళ్లకు ఫోన్. అందుకే ఆ గొంతుల అంత తొందర. "సార్ అర్జెంట్, అరగంటల ప్రొఫైల్ పంపాలె" అంటే అర్జెంట్ ఆయనకు, మీకు కాదు.

మరి జావా మనిషికి టెలీకాలర్ మెసేజ్ ఎందుకొస్తది? ఎందుకంటే మీ ప్రొఫైల్‌ను ఎవరూ చదవరు, వెతుకుతరు. నౌక్రీ 1997ల మొదలైంది, దాని అసలు ఆదాయం రిక్రూటర్ల దగ్గర, వాళ్లకు రెజ్‌డెక్స్ అని ఒక రెజ్యూమె డేటాబేస్ అమ్ముతది. అండ్ల రిక్రూటర్ కొన్ని పదాలు కొట్టి, అనుభవం ఇంత, ఊరు ఇది, గింత కాలంల యాక్టివ్‌గ ఉన్నోళ్లు అని ఫిల్టర్ పెట్టి, వచ్చిన వందల మందికి ఒక్క దెబ్బకు మెయిల్ కొడతది. మీరు కాలేజీ ప్రాజెక్ట్‌ల ఎప్పుడో సెలీనియం అని ఒక టెస్టింగ్ టూల్ పేరు రాసుకుంటే ఈ రోజుకు గూడ టెస్టింగ్ జాబులు వస్తనే ఉంటయ్. "మీ ప్రొఫైల్ చూసి చాలా ఇంప్రెస్ అయినం" అన్న ముక్క ఆ వందల మందికీ పోయిందే. కోపం తెచ్చుకునుడు దండగ, దీనికి మందు సెట్టింగుల ఉంది, రెజ్యూమెల ఉంది.

రెజ్యూమెల మళ్లీ చెయ్యదల్చుకోని పనుల పేర్లు తీసేయండి. కాల్ సెంటర్‌ల ఆర్నెల్లు చేసిన్రు, మళ్లా చెయ్యొద్దనుకుంటున్నరు, అయితే కస్టమర్ సపోర్ట్, వాయిస్ ప్రాసెస్ అన్న పదాలు కీ స్కిల్స్‌ల నుంచి పోవాలె, కింద అనుభవంల ఒక లైన్ ఉంటే చాలు. ఊరి విషయంల మనోళ్లు చేసే పని ఒకటి ఉంది, వరంగల్‌ల ఉండుకుంటనే కరెంట్ లొకేషన్ హైదరాబాద్ అని పెడతరు, లేకపోతే ఎవరూ పిలువరని. అది నిజమే, చాలామంది ఫిల్టర్ హైదరాబాద్ అనే పెడతరు. కానీ అట్ల పెడితే రేపటి వాకిన్ మెసేజ్‌లు అన్నీ మీకే వస్తయ్. దానికన్నా కరెంట్ లొకేషన్ వరంగల్ అనే ఉంచి, ప్రిఫర్డ్ లొకేషన్ల హైదరాబాద్ పెట్టి, హెడ్‌లైన్ల "వారంల షిఫ్ట్ అవుతా" అని రాస్తే మెసేజ్‌లు తగ్గుతయ్, వచ్చినయి పనికొస్తయ్. ఈడనే ఉండాలని ఉంటే వరంగల్‌ను గూడ ప్రిఫర్డ్ల పెట్టండి, మడికొండల 2020 నుంచి టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు ఉన్నయ్, కరీంనగర్‌ల అదే ఏడాది ఐటీ టవర్ తెరిచిన్రు, నిజామాబాద్‌ల 2023ల ఐటీ హబ్ వచ్చింది. పోస్టులు తక్కువే గని ఉన్నోళ్లు వెతుకుతే మీరు కనబడాలె గదా.

ఇంకో సంగతి, రోజు పొద్దున లేచి ప్రొఫైల్‌ల ఒక ఫుల్‌స్టాప్ మార్చి సేవ్ కొట్టమని యూట్యూబ్‌ల అందరూ చెప్తరు. పనిచేస్తది, ఈ మధ్య కదిలిన ప్రొఫైళ్లు ముందుకొస్తయ్. కానీ మంచియి ఎంత పెరుగుతయో చెత్త గూడ అంతే పెరుగుతది. ఇంటర్వ్యూలకు తయారుగ ఉన్న వారంల చేయండి, పరీక్షలో పెండ్లో ఉన్న వారంల ప్రొఫైల్‌ను ముట్టుకోకండి. ప్రొఫైల్‌ను రిక్రూటర్లకు కనబడకుండ పెట్టుకునే సెట్టింగ్ ఉంది, ఫలానా కంపెనీకి కనబడొద్దని బ్లాక్ చేసే ఆప్షన్ గూడ ఉంది, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నోళ్లు తమ కంపెనీ పేరు అండ్ల పెట్టకుండ వెతుకుడు మొదలువెడితే మేనేజర్‌కు తెలిసే రోజు ఎంతో దూరం ఉండది.

లింక్డ్‌ఇన్‌ల లెక్క వేరు. ఓపెన్ టు వర్క్ అని పెట్టెటప్పుడు రెండు దారులు చూపెడుతది, ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీతోని అందరికీ, లేకపోతే రిక్రూటర్లకు మాత్రమే. రెండోది పెడితే మీ కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండ చూస్తం అంటది, గ్యారంటీ మాత్రం ఇయ్యలేం అని అదే లింక్డ్‌ఇన్ రాసుకుంది. ఆకుపచ్చ పట్టీ పెట్టిన్రంటే రిక్రూటర్లతో పాటు కోచింగ్ వాళ్లు, రెజ్యూమె రాసిస్తం అనేటోళ్లు, మోసగాళ్లు అందరికీ మీరు అవసరంల ఉన్నరని తెలుస్తది. ఇన్‌మెయిల్ అనేది పైసల మెసేజ్, రిక్రూటర్ క్రెడిట్ ఖర్చు పెట్టి పంపుతడు. మీరు 90 రోజుల లోపల సరే అని గానీ వద్దు అని గానీ జవాబిస్తే ఆ క్రెడిట్ ఆయనకు వాపస్ వస్తది. కాబట్టి ఇక్కడ "ఇప్పుడు ఇంట్రెస్ట్ లేదు, థాంక్స్" అన్న ఒక్క ముక్క ఆయనకు పైసల లాభం, మీకు పది సెకండ్ల పని, మళ్లెప్పుడన్న అక్కరకు రావచ్చు. అసలే వద్దంటే సెట్టింగుల ఇన్‌మెయిల్ ఆపేసుకోవచ్చు.

ఇగ ఫోన్ నెంబర్. నా మాట వినేటోళ్లకైతే ఒకటే చెప్తా, జాబ్ వెతుకుడుకు ఒక సిమ్ వేరే పెట్టండి. బ్యాంకుకు, యూపీఐకి, ఆధార్‌కు కట్టిన నెంబర్ పోర్టల్‌ల ఇయ్యకండి. ఇప్పటి ఫోన్లు చాలావరకు రెండు సిమ్‌లయే. ఇంటర్వ్యూ ఫిక్స్ అయినంక కావాలంటే అసలు నెంబర్ ఇచ్చుకోండి. అప్పుడు ఆ రెండో సిమ్‌కు వచ్చే ప్రతి ఫోన్ జాబ్ గురించే అని తెలుస్తది, పగలు ఎత్తుతరు, రాత్రి సైలెంట్ చేస్తరు. జాబ్ వచ్చినంక రీఛార్జ్ ఆపేస్తా అంటే మాత్రం ముందు పోర్టళ్లల్ల నెంబర్ మార్చండి, ఆగిపోయిన నెంబర్ కొన్నాళ్లకు ఇంకొకరికి పోతది, మీ లాగిన్ ఓటీపీలు వాళ్లకు వస్తయ్. మెయిల్ గూడ అంతే, జాబులకు ఒకటి వేరే. వాట్సాప్ ప్రైవసీల నన్ను గ్రూపుల్ల ఎవరు కలపొచ్చు అన్న దగ్గర నా కాంటాక్ట్స్ అని పెట్టండి, టెలిగ్రాంల గూడ అదే ఆప్షన్ ఉంది, ఈ ఒక్క పనితోని సగం దరిద్రం వదులుతది.

కన్సల్టెన్సీ వాళ్లకు ఏం రిప్లై ఇయ్యాలె? ఒకటి రాసి ఫోన్ల సేవ్ చేసి పెట్టుకోండి, ప్రతిసారి కాపీ పేస్ట్. "నమస్తే, జాబ్ డిస్క్రిప్షన్, ఆఫీసు ఏ ఏరియా, పర్మనెంటా కాంట్రాక్టా, ఎవరి పేరోల్, బడ్జెట్ ఎంత, ఇవి మెయిల్ చేయండి. నేను మెయిల్‌ల ఓకే చెప్పేదాకా నా ప్రొఫైల్ ఎవరికీ పంపకండి." ఇంతే. పంపినోళ్లు నిజంగ పోస్ట్ చేతుల ఉన్నోళ్లు, పంపనోళ్లు లెక్క కోసం ప్రొఫైల్ ఏరుకునేటోళ్లు, ఎక్కువమంది దీనితోనే రాలిపోతరు. క్లయింట్ పేరు మొదటి మెసేజ్‌లనే చెప్పకపోతే దొంగ అనుకోకండి, మీరు సీదా కంపెనీల అప్లై చేస్తే వాళ్ల 50 వేలు పోతయ్ గదా, ఆ భయం న్యాయమైందే. కానీ ప్రొఫైల్ పంపే ముందు మాత్రం పేరు చెప్పాల్సిందే. పేరు తెల్వకుండ ముగ్గురికి ఓకే అన్నరనుకో, ముగ్గురూ ఒకే కంపెనీకి పంపితే కమిషన్ ఎవరిదన్న పంచాయితీ తెగక కంపెనీ వాళ్లు మీ ప్రొఫైల్‌నే పక్కకు పెట్టే రోజులు ఉంటయ్. చిన్న ఎక్సెల్ షీట్ల తారీఖు, కన్సల్టెన్సీ, కంపెనీ, పోస్ట్ రాసి పెట్టుకుంటే ఈ లొల్లి ఉండది.

నడిరాత్రి వచ్చే ఇంకో రకం మెయిళ్లు ఉన్నయ్, టెక్సాస్‌ల ఆన్‌సైట్, సీటుసీ (మనిషితోని కాదు, కంపెనీకి కంపెనీకి కాంట్రాక్ట్), వీసా స్టేటస్ చెప్పండి అని. కాజీపేటల పండుకున్నోనికి టెక్సాస్ ఎందుకు? అమెరికా స్టాఫింగ్ పని మన హైదరాబాద్‌ల నైట్ షిఫ్ట్‌ల నడుస్తది, వాళ్ల మెయిలింగ్ లిస్టు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుకుంట పోతది, అండ్ల ఎక్కడో మీ మెయిల్ పడ్డది. రిప్లై ఇస్తే మెయిల్ బతికే ఉందని తెలిసి ఇంకా పెరుగుతయ్, జీమెయిల్‌ల సీటుసీ అన్న పదానికి ఫిల్టర్ పెట్టి సీదా చెత్తలకు పంపండి. పేరున్న పోర్టళ్ల మెయిళ్లకైతే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కొచ్చు, 2024 నుంచి జీమెయిల్ పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేటోళ్లు ఒక్క క్లిక్‌తోని ఆపుకునే వీలు ఇయ్యాల్సిందే అని రూల్ పెట్టింది. ముఖం తెల్వని మెయిల్‌ల కింద ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం ముట్టకండి, స్పాం కొట్టి వదిలేయండి.

ఇప్పటిదాకా చెప్పినోళ్లందరికీ పైసలు కంపెనీ నుంచి వస్తయ్. అసలు పరేషాన్ పైసలు మీ దగ్గరికెళ్లి రావాల్సినోళ్లతోని.

ఇండ్ల ముందుగాల ఫ్రెషర్లు దెబ్బతింటరు. కొంచెం ఆలోచించండి, నెల జీతం కమిషన్ ఇచ్చి మరీ కంపెనీ ఎవరి కోసం వెతికిస్తది? దొరకనోని కోసం. బీటెక్ అయిపోయిన పిల్లలు ఒక్క వరంగల్ చుట్టూ కాలేజీలల్లనే వేలల్ల ఉన్నరు, వాళ్ల కోసం కంపెనీ కన్సల్టెన్సీకి ఫీజు ఎందుకు కడతది? క్యాంపస్‌కు వస్తది, లేకపోతే పెద్ద ఎగ్జామ్ పెట్టి ఏరుకుంటది. వాయిస్ ప్రాసెస్, సేల్స్ లాంటి కొన్ని పోస్టులకు మాత్రం కన్సల్టెన్సీలు ఫ్రెషర్లను తీసుకుంటయ్, అది వేరే. ఐటీ డెవలపర్ పోస్ట్, ఫ్రెషర్, ఇంటర్వ్యూ నామ్‌కే వాస్తే, డైరెక్ట్ ఆఫర్ అని మెసేజ్ వచ్చిందంటే పైసలు ఇచ్చేది కంపెనీ కాదు, మీ నాయన. అది ట్రైనింగ్ ఫీజు పేరు మీద రావచ్చు, సెక్యూరిటీ డిపాజిట్ అనొచ్చు, బ్యాక్ డోర్ అని సీదాగనే అడగొచ్చు. బ్యాక్ డోర్ అంటే మనోళ్లల్ల కొందరికి తప్పుగ గూడ అనిపించది, సీటు కొన్నట్టే ఉద్యోగం కొంటున్నం అనుకుంటరు. రెండు మూడు లక్షలు పోస్తరు, ఎకరం అమ్మినోళ్లు గూడ ఉన్నరు, ఆఫర్ లెటర్ వస్తది, లోగో ఉంటది, కంపెనీకి పోతే గేటు కాడ సెక్యూరిటీ ఈ పేరు లిస్టుల లేదంటడు. ఒకవేళ లోపలికి పోయినా ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి పోయినోళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ల దొరుకుతరు, పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నెంబర్ల ఎవరు ఎప్పుడు ఎక్కడ చేసిన్రో అంతా కనబడుతది. పైసలు ఇచ్చినోళ్లు పోలీసుల దగ్గరికి పోవాలన్నా జంకుతరు, లంచం ఇచ్చినం గదా అని, ఆ జంకే వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి.

మోసం కాని, కానీ మీ జాబు వెతుకుడుకు సంబంధం లేని బ్యాచ్ ఒకటి ఉంది. ఇన్సూరెన్స్ అడ్వైజర్ పోస్టును "బిజినెస్ డెవలప్‌మెంట్ మేనేజర్" అని పెట్టి పిలిచేటోళ్లు, జాబ్ గ్యారంటీ కోర్సు అమ్మే ఇన్‌స్టిట్యూట్లు, రెజ్యూమెను పైకి లేపుతం ఇన్ని వేలు కట్టండి అనేటోళ్లు. వీళ్లకు మీరు కస్టమర్, అంతే. మొదటి నిమిషంలనే "ఫిక్స్‌డ్ జీతం ఎంత, నేను ఏమన్న కట్టాల్నా" అని రెండు ప్రశ్నలు వేస్తే గొంతు మారుతది.

ఇగ పక్కా దొంగలు. పది రూపాయలు రిజిస్ట్రేషన్ ఫీజు అని లింకు పంపుతరు, పదే గదా అని కార్డు నెంబర్ కొడితే ఓటీపీ దాకా పోయి ఖాతా ఊడుస్తరు. వర్క్ ఫ్రం హోం ల్యాప్‌టాప్ పంపుతున్నం, రీఫండబుల్ డిపాజిట్ కట్టండి అంటరు. వీడియోలకు లైక్ కొట్టు, హోటల్‌కు రివ్యూ రాయి అని టెలిగ్రాం గ్రూపుల వేసి మొదట్ల 150, 200 నిజంగనే పంపుతరు, నమ్మకం కుదిరినంక ప్రీపెయిడ్ టాస్క్ అని మీతోని వేలు కట్టించుకుంటరు, యాప్‌ల లాభం కనబడుతది, తీసుకుందామంటే ట్యాక్స్ కట్టమంటరు. ఫారం ఫిల్లింగ్ డేటా ఎంట్రీ అని ఇంకోటి, పని చేయించుకొని తప్పులు ఎక్కువున్నయ్, అగ్రిమెంట్ ఉల్లంఘించినవ్ అని లాయర్ పేరు మీద నోటీసు పంపి పెనాల్టీ అడుగుతరు, ఇంట్ల ఉండే ఆడపిల్లలు, కోడండ్లు కోర్టు అనంగనే వణికి కట్టేస్తరు. ఆ నోటీసుకు భయపడొద్దు, పైసలు కట్టొద్దు, స్క్రీన్‌షాట్లు పెట్టుకొని కంప్లైంట్ ఇయ్యండి. అన్నిటికన్నా ఖతర్నాక్ ఏందంటే, "మీ బ్యాంక్ ఖాతాల పేమెంట్లు వస్తయ్, ముందుకు పంపుతే కమిషన్" అన్న ఉద్యోగం. అవి ఇంకొకల దగ్గర దోచిన పైసలు, పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే.

ఆడపిల్లలకు ఒక మాట చెప్పాలె. ప్రొఫైల్‌ల ఫోటో, నెంబర్ చూసి రిక్రూటర్ అని మొదలుపెట్టి రాత్రి పదింటికి "తిన్నవా" దాకా వచ్చేటోళ్లు ఉన్నరు. జాబ్ గురించి మాట్లాడేది ఉంటే మెయిల్‌ల, పగలు, ఆఫీసుల. హోటల్ రూంల ఇంటర్వ్యూ అంటే పోకండి. స్క్రీన్‌షాట్ తీసి ఆయన పనిచేసే కంపెనీకి మెయిల్ కొట్టండి, బెదిరింపు దాకా పోతే ఆడోళ్ల కోసం ఉన్న పోలీసు షీ టీమ్స్‌కు చెప్పండి.

మన దిక్కు ఇంకో లెక్క గూడ ఉంది, హైదరాబాద్ వాళ్లు రాసే సలహాలల్ల ఇది కనబడది. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ ఊర్లల్ల వాట్సాప్‌ల వచ్చే జాబ్ మెసేజ్ సగం గల్ఫ్‌దే. దుబాయ్ల డ్రైవర్, ఖతర్ల కేటరింగ్, ఉచిత భోజనం, రూం, వారంల వీసా. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటు తప్ప వేరేటోళ్లు ఈ పని చెయ్యొద్దు, ఏజెంటు తన లైసెన్స్ నెంబర్‌ను ప్రకటనలల్ల గూడ పెట్టాలె, ఆ నెంబర్‌ను కేంద్రం ఈమైగ్రేట్ వెబ్‌సైట్ల కొట్టి చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీస్ ఛార్జీ ఎక్కువల ఎక్కువ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంటే 35,400. అంతకుమించి ఒక్క రూపాయి అడిగినా అది చట్టం కాదు. ఊర్లల్ల ఇస్తున్నది లక్షల్ల. రసీదు ఉండది, ఏజెంటు సొంత మనిషే, మామ వరుసో బావ వరుసో అయితడు, అడుగుడు మర్యాద కాదనుకుంటరు. విజిట్ వీసా మీద పోయి ఆడ మార్చుకుందువు అంటే అక్కడికే ఆపేయాలె. నేరుగ ప్రభుత్వం దారిల పోవాలంటే టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాలకు అదే రిక్రూట్ చేస్తది.

చదువుకున్న పిల్లలకు వచ్చేది ఇంకా ప్రమాదం. థాయ్‌లాండ్, కంబోడియా, డేటా ఎంట్రీ, డిజిటల్ సేల్స్, నెలకు లక్ష దాకా, టికెట్ మాదే. 2022ల విదేశాంగ శాఖ దీని మీద హెచ్చరిక ఇచ్చింది, థాయ్‌లాండ్ అని తీసుకపోయి సరిహద్దు దాటించి మయన్మార్ల మ్యావాడి దిక్కు క్యాంపుల పెడుతున్నరని. తర్వాత కంబోడియా సంగతి గూడ బయటపడ్డది, తెలంగాణ పిల్లలు అండ్ల ఇరుక్కున్నరు, కొందరిని వెనక్కి తెచ్చిన్రు. ఆడ చేయించే పనేందో తెలుసా? పైన చెప్పిన టాస్క్ మోసాలే, ఫోన్ల మన దేశపోళ్లను ముంచుడే. పాస్‌పోర్ట్ గుంజుకుంటరు, చెయ్యనంటే కొడతరు. మీకు హాయ్ డియర్ పెట్టినోడు గూడ ఇట్లనే ఒక మెసేజ్ నమ్మి పోయినోడే కావచ్చు.

కంప్లైంట్ల సంగతికొస్తే ఎవరికి ఏది అన్నది కలిపేసుకోవద్దు. 1909కు స్టార్ట్ అని ఇంగ్లీషుల కొట్టి, స్పేస్ ఇచ్చి, సున్నా పెట్టి ఎస్సెమ్మెస్ పంపితే డీఎన్‌డీ (ప్రచారం కాల్స్, మెసేజ్‌లు వద్దనే సెట్టింగ్) పూర్తిగ పడుతది, ఓటీపీలు బ్యాంకు మెసేజ్‌లు ఆగవు, కంపెనీల ప్రచారం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు తగ్గుతయ్. కానీ కన్సల్టెన్సీ అమ్మాయి సొంత పది అంకెల నెంబర్ నుంచి మీ ఒక్కరికి చేసే ఫోన్‌ను డీఎన్‌డీ గుర్తుపట్టది, వాట్సాప్‌ను ముట్టనే ముట్టది. అందుకే డీఎన్‌డీ పెట్టినా రిక్రూటర్ కాల్స్ ఆగుతలేవు అని తిట్టుకునుడు, ఇంటర్వ్యూ కాల్ పోతదేమో అని డీఎన్‌డీకి భయపడుడు, రెండూ వద్దు. కోర్సు అమ్మేటోళ్ల కాల్స్ మీద కంప్లైంట్ ఇయ్యాలంటే టెలికాం రూల్స్‌ల 2025 సవరణ తర్వాత వారం రోజుల టైం ఉంది. పైసలు పోకముందే మోసం అనిపించిన మెసేజ్ ఉంటే కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్ల చక్షు అని కంప్లైంట్ పేజీ ఉంది, అండ్ల వెయ్యండి. పైసలు పోయినయా, ఇంట్ల చెప్పాల్నా వద్దా అని కూసోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, ఎంత జల్ది చేస్తే ముందటి ఖాతాల పైసలు ఆపెటందుకు అంత వీలుంటది. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌ల వివరాలు నింపండి.

కాగితాల విషయంల నేను మొండి. రెజ్యూమెల పుట్టిన తేదీ, ఇంటి నెంబరు, నాయన పేరు, ఆధార్, పాన్ ఏవీ వద్దు, ఊరి పేరు చాలు. ప్రొఫైల్ పంపేటప్పుడే పాన్ అడుగుతరు కొందరు, డూప్లికేట్ చూసుకునెటందుకని, ఆఖరి నాలుగు అక్షరాలు ఇయ్యండి, ఫోటో ఇయ్యకండి. శాలరీ స్లిప్పులు ఆఫర్ దగ్గరికి వచ్చినంకనే. ఆధార్ ఇయ్యాల్సే వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్ల దొరుకుతది, అది ఇయ్యండి. మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చింది కాబట్టి ఫేక్ అని గూడ తేల్చెయ్యకండి, చిన్న కన్సల్టెన్సీలు నిజంగనే జీమెయిల్ వాడుతయ్. పెద్ద కంపెనీ పేరు చెప్పి జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ వస్తే మాత్రం అది ఫేకే. అనుమానం ఉంటే మెసేజ్‌ల ఇచ్చిన నెంబర్‌కు కాదు, కంపెనీ వెబ్‌సైట్ల ఉన్న నెంబర్‌కు చేసి అడగండి, కెరీర్స్ పేజీల ఆ పోస్ట్ ఉందో లేదో చూడండి.

జాబ్ వచ్చి చేరినంక అందరూ మర్చిపోయే పని ఒకటి ఉంటది. పోర్టళ్లల్ల ప్రొఫైల్ కనబడకుండ పెట్టుడు, ఓపెన్ టు వర్క్ తీసేసుడు, అలర్టులు ఆపుడు. 2023ల వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం మీరు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే, డేటా తీసెయ్యమని అడిగే హక్కు ఇచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్ల నోటిఫై చేసిన్రు, అమలు మాత్రం దశలవారీగ. అప్పటిదాకా గూడ మీ కాగితాలు ఉన్న కన్సల్టెన్సీలకు తీసేయండి అని ఒక మెయిల్ పెడితే పోయేదేం లేదు.

చేరిన నెలకో రెండు నెలలకో మిమ్మల్ని పెట్టించిన కన్సల్టెన్సీ ఆమె మళ్లా ఫోన్ చేస్తది, ఎట్లుంది, మేనేజర్ మంచోడేనా, అంతా సెట్ అయ్యిందా అని. ఇన్ని రోజులు కట్ చేసి చేసి అలవాటై దీన్ని గూడ కట్ చేస్తరు చాలామంది. ఆమెకు మీ మీద ప్రేమేం కాదు, 60 రోజులకో 90 రోజులకో ముందే మీరు మానేస్తే ఫీజు వాపస్ ఇయ్యాలె, లేకపోతే ఉత్తగ ఇంకో మనిషిని వెతికియ్యాలె, వాళ్ల అగ్రిమెంట్ల సాధారణంగ అట్ల రాసి ఉంటది. ఆ ఫోన్ ఎత్తండి. జీతం తక్కువ పడ్డదా, చెప్పిన టీం కాకుండ వేరే టీంల వేసిన్రా, ఆఫర్ల లేని బాండ్ (ఇన్నాళ్లు మానెయ్యొద్దన్న ఒప్పందం) ఏమన్న ముందట పెట్టిన్రా, హెచ్‌ఆర్ వినకపోతే ఆమెతోని చెప్పించండి, ఆ 90 రోజులు అయిపోకముందే.